మొక్క నాటకముందే కొనేవాడెవరో తెలియాలి: కలప తోటల సేద్యంపై చర్చ

చర్చలో పాల్గొన్నవారు: విశ్రాంత అటవీ శాస్త్రవేత్త, ఖమ్మం జిల్లా జామాయిల్ (యూకలిప్టస్) రైతు, ప్రకాశం జిల్లాలో సుబాబుల్, సరుగుడు సాగుచేస్తున్న మహిళా రైతు, ప్లైవుడ్ మిల్లులకు కలప సరఫరా చేసే వ్యాపారి.

సమన్వయకర్త: ప్రేక్షకులకు నమస్కారం. నాలుగేళ్లకు కోతకొచ్చే చెట్లు ఇవాళ మన మెట్ట పొలాల్లో పత్తి, మిరపల పక్కన ఒక పంటగానే నిలబడ్డాయి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో జామాయిల్, పాత కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు, ఈమధ్య అక్కడక్కడా మలబారు వేప కనిపిస్తున్నాయి. ఈ చెట్ల మీద రైతుకు నిజంగా ఏం మిగులుతుంది, భూమికి ఏం మిగులుతుంది అన్నవే ఈ రోజు మన ముందున్న ప్రశ్నలు. సార్, అడవిలో ఉండవలసిన చెట్టు పొలంలోకి ఎలా వచ్చిందో మీరు మొదలుపెట్టండి.

శాస్త్రవేత్త: కాగితం మిల్లులు చాలా ఏళ్లపాటు అడవిలోని వెదురు మీదే బతికాయండి. 1988 నాటి జాతీయ అటవీ విధానం ఆ దారి మూసింది. పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని పెంచుకోవాలని ఆ విధానం చెప్పింది. 1996 డిసెంబరులో అడవుల రక్షణ కోసం నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో అడవుల్లో నరికివేత మీద పట్టు ఇంకా బిగిసింది. భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితపు మిల్లు 1989లో జామాయిల్ క్లోన్ల పరిశోధన మొదలుపెట్టి, 1992 నుంచి వాటిని రైతులకు ఇవ్వసాగింది. తోటలో అన్నిటికన్నా నిటారుగా, రోగం లేకుండా, ఏపుగా ఎదిగిన ఒక్క చెట్టును ఎంచి, దాన్ని నరికి, మోడు నుంచి వచ్చిన చిగుళ్లను ముక్కలు చేసి, పొగమంచులా నీరు చిమ్మే గదిలో వేళ్లు పుట్టిస్తారు. ఆ మొక్కలన్నీ తల్లి చెట్టు గుణాలతోనే పెరుగుతాయి. విత్తనపు మొక్కల తోటలో హెక్టారుకు ఏటా 6 నుంచి 10 ఘనపు మీటర్ల కలప వస్తే, మంచి నేలలో పెట్టిన క్లోన్ తోటలో 20 నుంచి 25 దాకా వచ్చింది. మెట్ట రైతుకు ఈ చెట్టు మీద గురి కుదిరింది అప్పుడే.

ఖమ్మం రైతు: సార్ చెప్పింది నా కళ్లతో చూశాను. మా నాన్న హయాంలో విత్తనపు జామాయిల్ వేశాం. ఒక చెట్టు తొడంత ఉంటే పక్కది మణికట్టంత ఉండేది. క్లోన్ తోటలో సాలు మొదట నిలబడి చూస్తే చివరిదాకా ఒకటే లావు. అయితే క్లోన్ అన్న మాట వినగానే ఏ నర్సరీ మొక్క అయినా తెచ్చుకోవడం పొరపాటు. మాది ఎర్ర చల్కా నేల. పక్క ఊళ్లో నల్లరేగడిలో అదే క్లోన్ నంబరు మొక్క పెట్టిన రైతు తోటలో ఆకులు పసుపు పచ్చగా తిరిగి, మూడో ఏడు వచ్చినా చెట్టు ముందుకు సాగలేదు. పైగా మొదటి వర్షాకాలంలో చెదలు. లేత మొక్క కాండం మట్టిని తాకే చోట కొరికేస్తాయి. మొక్క నిలబడే ఉంటుంది, పట్టి లాగితే చేతికి వచ్చేస్తుంది.

శాస్త్రవేత్త: నేల విషయంలో రైతు గారు చెప్పినది అక్షరాలా నిజం. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో చాలా జామాయిల్ క్లోన్లు ఇనుమును తీసుకోలేవు, అందుకే ఆ పసుపు రంగు. అటువంటి నేలకు సుబాబుల్ నప్పుతుంది. సుబాబుల్ నీరు నిలిచే చోటును, పులుపు నేలను మాత్రం ఓర్చుకోదు. ఇసుక నేలకు సరుగుడే సరైనది. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది కాబట్టి, బలం లేని తీరపు ఇసుకలో కూడా అది ఎదుగుతుంది.

సమన్వయకర్త: అమ్మా, మీరు ఆ రెండు చెట్లనూ పెంచారు. మీ అనుభవం చెప్పండి.

ప్రకాశం రైతు: చెట్టు మమ్మల్ని మోసం చేయలేదండి. సుబాబుల్ వానకే పెరిగింది, నరికితే మళ్లీ మోడు నుంచి చిగిర్చింది. మమ్మల్ని కుంగదీసింది అమ్మకం. ఒక ఏడు తోట నరికించి, కర్ర గట్టు మీద పేర్పించి, లారీ కోసం కూర్చున్నాం. కొంటానన్న వ్యాపారి ఇవాళ, రేపు అంటూ పదకొండు రోజులు తిప్పాడు. మే నెల ఎండ. కర్ర చివర్లు పగుళ్లు తీస్తున్నాయి. పచ్చి కర్రలో సగానికి దగ్గరగా నీరే కదండీ, ఆ నీరంతా మా గట్టు మీదే ఆరిపోయింది. కాటా దగ్గర తూకం చూసి మా ఆయన నోట మాట రాలేదు. తోట అంతే, కర్ర అంతే, టన్నులు మాత్రం తగ్గిపోయాయి. అప్పటినుంచి వేబ్రిడ్జి దగ్గర వంతు ఖాయమయ్యేదాకా ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి పడనివ్వడం లేదు. కోత ఆలస్యమైతే వరి రాలిపోతుందన్న భయం ఉంటుంది, ఈ చెట్టుకు ఆ భయం లేదు. ఆరు నెలలు ఆగితే ఇంకాస్త లావెక్కుతుందే తప్ప తగ్గదు. మా చేతిలో ఉన్న బలం అదొక్కటే, అప్పులవాడు గుమ్మంలో లేనంత వరకు.

సమన్వయకర్త: ఈ ఆఖరి మాట నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తోంది. పంట ఆగగలదు, కుటుంబం ఆగగలదా అన్నదే అసలు సంగతి. వ్యాపారి గారూ, మీ వైపు నుంచి చెప్పండి.

వ్యాపారి: అమ్మగారి బాధ నేను కాదనను. కర్ర విలువ తక్కువ, బరువు ఎక్కువ. అందుకే మిల్లుకూ పొలానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ రైతు చేతికొచ్చేది తగ్గుతుంది. ఎకరాకు 30 టన్నుల దిగుబడి అనుకోండి. లారీ కిరాయి టన్నుకు 300 రూపాయలు పెరిగితే ఎకరా మీద 9,000 పోయినట్టే. నరికే కూలి, బెరడు వలిచే కూలి, ఎత్తుడు కూలి దీనికి అదనం. ఇంకొక సంగతి. మీ చుట్టుపక్కల ఒక్కటే మిల్లు ఉంటే, ఆ మిల్లు జ్వరపడిన నాడు మీ తోటకూ జ్వరమే. 2014లో కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ మిల్లు ఆగిపోయింది, మళ్లీ తెరుచుకోవడానికి 2018 దాకా పట్టింది. అదే 2014లో మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్ గుజ్జు కర్మాగారం కూడా మూతపడింది. మొక్క నాటిన నాడు ఉన్న కొనుగోలుదారు కోత నాటికి ఉంటాడో లేడో ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ఖమ్మం రైతు: లెక్క అంటే గుర్తొచ్చింది. నాలుగేళ్లకొకసారి లక్ష చేతిలో పడితే కళ్లు చెదురుతాయి. దాన్ని నాలుగుతో భాగించి చూసేవాళ్లు మా ఊళ్లో తక్కువ. ఆ నాలుగేళ్లూ ఇల్లు గడవడానికి తెచ్చిన అప్పు వడ్డీ కూడా తీసేసి చూడాలి. అందుకే నేను ఉన్న ఆరెకరాలూ ఒకేసారి నాటలేదు. ఏటా ఎకరంన్నర చొప్పున నాలుగేళ్లలో నాటాను, ఇప్పుడు ఏటా ఒక ముక్క కోతకొస్తోంది. మొదటి ఏడాది సాళ్ల మధ్య పెసర, కంది వేశాను. రెండో ఏడు నీడ కమ్ముతుంది, ఇక అంతర పంట ఆశ వదులుకోవాలి.

సమన్వయకర్త: ఇంతసేపూ మనం మాట్లాడింది కాగితం మిల్లులకు వెళ్లే గుజ్జు కర్ర గురించి. తలుపుకో, ప్లైవుడ్‌కో పనికొచ్చే కలప సంగతి వేరు కదా?

వ్యాపారి: పూర్తిగా వేరు. గుజ్జు మిల్లుకు తూకం కావాలి, మాకు దుంగ కావాలి. మా దగ్గర యంత్రం దుంగను గిరగిరా తిప్పుతూ కాగితపు చుట్టను విప్పినట్టు పొర తీస్తుంది. కొమ్మ విరిగిన చోట ముడి ఉంటే అక్కడ పొరకు చిల్లు పడుతుంది. మలబారు వేప ఆరు నుంచి ఎనిమిదేళ్లలో ఈ పనికి వస్తుంది, కానీ మొదటి రెండేళ్లూ పక్క కొమ్మలను పెన్సిలంత లావు కాకముందే కాండానికి ఒరుసుగా కోసేయాలి. చాలామంది రైతులు ఆ పని చేయక, ఆరో ఏట తోట నిండా లావుపాటి చెట్లు చూపించి ధర అడుగుతారు. లావు ఉంటుంది, లోపల ముడులు ఉంటాయి. నేను దాన్ని ప్యాకింగ్ పెట్టెల కర్ర ధరకే తీసుకోగలను. ఉత్తరాదిన హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ మిల్లుల చుట్టూ పోప్లార్ చెట్లు పెంచే రైతులు నిలదొక్కుకున్నారంటే, అక్కడ కొనే మిల్లులు ఎన్నో ఉండటం ఒక కారణం, కొమ్మ కోత రైతుకు అలవాటు కావడం రెండో కారణం.

శాస్త్రవేత్త: ఎడం కూడా నాటిన రోజే నిర్ణయమైపోతుంది. సరుగుడును మీటరుకొకటి చొప్పున ఎకరాకు 4,000 దాకా పెడతారు. జామాయిల్ 3 మీటర్లకు 2 మీటర్ల ఎడంలో సుమారు 670. మలబారు వేపను దుంగ కోసం 4 మీటర్ల ఎడంలో నాటితే ఎకరాకు 250 మొక్కలే పడతాయి. ఎక్కువ మొక్కలు అమ్ముకోవడం నర్సరీ వారికి లాభం కాబట్టి దగ్గర దగ్గరగా నాటమని చెబుతారు. వినకండి.

సమన్వయకర్త: పట్నంలో ఉద్యోగం చేసేవారికి గంధం, మహాగని, టేకు తోటల ప్రకటనలు రోజూ కనిపిస్తున్నాయి. వాటి గురించి?

శాస్త్రవేత్త: 1990లలో టేకు తోటల పేరుతో కంపెనీలు జనం దగ్గర డబ్బు వసూలు చేసి, ఎంతోమందిని ముంచాయి. అటువంటి పథకాలను అదుపు చేయడానికే 1999లో మదుపు వ్యవహారాల నియంత్రణ సంస్థ సెబీ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. శ్రీగంధంలో విలువ ఉన్నది కాండం నడుమ గట్టిపడే చేవలో, ఆ చేవ కట్టడానికి పదిహేనేళ్లు, అంతకు పైనే పడుతుంది, అంతకాలం కాపలా కాయాలి. దాన్ని వేగంగా పెరిగే పంట అనడం అబద్ధం.

సమన్వయకర్త: ఇక నీటి మాట. జామాయిల్ భూమిలోని నీరంతా పీల్చేస్తుందని ఊరూరా అంటారు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నాటడాన్నే నిషేధించింది.

శాస్త్రవేత్త: ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కిలో కలప తయారు చేయడానికి జామాయిల్ వాడే నీరు ఎక్కువేమీ కాదు. కానీ అది అంత కలపను అంత తొందరగా తయారు చేస్తుంది కాబట్టి మొత్తం మీద ఎక్కువే తాగుతుంది, కురిసిన వానలో భూమిలోకి ఇంకేది తగ్గుతుంది. అందువల్ల చెరువు పైన, బావుల ఎగువన పరుచుకొని నాటడం తప్పు. వేరే పంట పండని, వానాధారపు రాళ్ల చల్కాలో నాటడం వేరు. నీటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒకే క్లోన్ మీద ఊరంతా ఆధారపడటం. 1988లో సుబాబుల్ మీదికి వచ్చిన సిల్లిడ్ పురుగు చిగుళ్లను మాడ్చేసింది. 2000ల దశకంలో జామాయిల్ ఆకు ఈనెల మీద బుడిపెలు లేపే చిన్న కందిరీగ దక్షిణ భారతమంతా పాకింది. నాలుగైదు క్లోన్లను ముక్కలు ముక్కలుగా నాటి ఉంటే నష్టం ఒక ముక్కతో ఆగుతుంది. ఇక నేల బలం. బెరడులోనే సున్నపు పోషకం (కాల్షియం) చాలా ఉంటుంది. బెరడును పొలంలోనే వలిచి, ఆకుతో పాటు అక్కడే మగ్గనివ్వాలి. నిప్పు పెట్టకూడదు.

ప్రకాశం రైతు: ఒక మాట అడగనివ్వండి. మా ఊళ్లో కౌలు రైతులకు ఈ పంటలో చోటెక్కడుంది? పట్నంలో ఉండే ఆసామి కూలీల బెడద ఉండదని పొలమంతా సుబాబుల్ వేయించి వెళ్లిపోతాడు. అంతకుముందు అదే పొలాన్ని కౌలుకు చేసుకున్న కుటుంబం బయట పడుతుంది. మిరప కోతకు నెలల తరబడి పని దొరికే ఆడవాళ్లకు, తోట నరికినప్పుడు బెరడు వలిచే నాలుగు రోజుల పనే మిగులుతుంది.

సమన్వయకర్త: దీనికి మన నలుగురి దగ్గరా సమాధానం లేదని ఒప్పుకోవడమే నిజాయితీ అనిపిస్తుంది. నా అభిప్రాయంలో, కలప తోటల మీద రాసే ప్రతి లాభనష్టాల పట్టికలో ఈ కౌలు కుటుంబం కోసం ఒక గడి ఉండాలి.

శాస్త్రవేత్త: చెట్లు గాలిలోంచి పట్టి ఉంచే కర్బనానికి డబ్బిచ్చే కర్బన క్రెడిట్ల గురించి కూడా రైతులు అడుగుతున్నారు. ఖమ్మం జిల్లాలోని రైతుల తోటలు 2009లోనే వాతావరణ మార్పుపై దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద నమోదయ్యాయి, కాబట్టి అది కొత్త కాదు. ఆ పద్ధతిలో చెట్ల క్రెడిట్లు తాత్కాలికమైనవి, ఎందుకంటే నరికిన చెట్టు కాగితమై, ఆ కాగితం కాలిపోతే కర్బనం తిరిగి గాలిలోకే పోతుంది. తలుపుగా మారిన చెట్టు దాన్ని యాభై ఏళ్లు దాచిపెడుతుంది. ఆ డబ్బును నమ్ముకొని తోట వేయమని నేను ఎవరికీ చెప్పను.

సమన్వయకర్త: ముగించే ముందు, రైతు గారూ, మీ తోటలో మోళ్ల నుంచి చిగిర్చిన రెండో పిలక కోత కూడా అయిపోయిందని విన్నాను. తరువాత ఏం చేయబోతున్నారు?

ఖమ్మం రైతు: మూడో పిలక బలంగా రాదు, అందుకే ఒక ముక్కలో మోళ్లు తీయిస్తున్నాను. ఇదీ ఎవరూ చెప్పని ఖర్చే, ప్రొక్లెయిన్ గంటల లెక్కన బిల్లు వేస్తుంది. పక్క పొలం వారి కంది ఎదగడం లేదని గొడవ జరిగిన గట్టు వెంట, వేళ్లు దాటకుండా కందకం కూడా తీయించాను. ఆ ముక్కలో బోరు నీరు అందే ఎకరంలో మలబారు వేప 4 మీటర్ల ఎడంలో పెడతాను, మధ్యలో రెండేళ్లు పసుపు వేస్తాను. వ్యాపారి గారూ, మీరు కొంటానని నోటితో చెబితే చాలదు. ఎంత చుట్టుకొలత ఉన్న దుంగకు ఏ లెక్కన ధర కడతారో కాగితం మీద రాసి ఇవ్వండి. తొలకరికి ఇంకా టైముంది, గుంతలు తీయడం ఆ కాగితం వచ్చాకే.