ఇంద్రలాల్ రాయ్ వెనక ఉన్న ఇల్లు

అందరికీ నమస్కారం.

ఇంద్రలాల్ రాయ్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ పదమూడు రోజులే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళ పైలట్‌గా, 1918 జులై 6 నుంచి 19 వరకు, ఫ్రాన్స్ ఆకాశంలో, ఎస్.ఇ.5ఎ అనే యుద్ధవిమానంలో, శత్రు విమానాల మీద ఆయన ఖాతాలో చేరిన విజయాలు పది. కొన్ని ఒంటరిగా, కొన్ని తోటి పైలట్లతో కలిసి సాధించినవి. జులై 22న కార్వాన్ దగ్గర జర్మన్ ఫోకర్ విమానాలతో తలపడి నేలకూలాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. సెప్టెంబర్‌లో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే శౌర్య పతకం ప్రకటించారు. అది అందుకున్న తొలి భారతీయుడు ఆయనే, కానీ ప్రకటన వచ్చేసరికి మనిషే లేడు.

ఇంతవరకు మీలో చాలామందికి తెలిసిందే. ఈ సాయంత్రం నేను ఆ కుర్రాడి ఇంటి గురించి మాట్లాడతాను. ఆ ఇల్లు తెలియకపోతే ఆ పట్టుదల ఎక్కడిదో అర్థం కాదని నా గట్టి నమ్మకం.

తాతగారితో మొదలుపెడదాం, తల్లి వైపు తాత. సూర్యకుమార్ చక్రవర్తి. ఢాకా ప్రాంతంలో పుట్టి కలకత్తా మెడికల్ కాలేజీలో చేరాడు. సముద్రం దాటితే కులం పోతుందని భయపడే రోజుల్లో, 1845లో, గురువు డాక్టర్ గుడీవ్ వెంట ఓడెక్కి లండన్ వెళ్లిన నలుగురు విద్యార్థుల్లో ఒకడు. అక్కడ క్రైస్తవం తీసుకుని, గురువుగారి పేరును తన పేరులో కలుపుకున్నాడు. 1855లో ఇండియన్ మెడికల్ సర్వీసుకు, అంటే ఇక్కడి బ్రిటిష్ పాలకుల వైద్యాధికారుల సర్వీసుకు, మొదటిసారి పోటీపరీక్ష పెడితే అందులో నెగ్గి, ఆ సర్వీసులో చేరిన తొలి భారతీయుడయ్యాడు. మనవాళ్లకు తలుపు తెరిచిన మరుక్షణమే లోపలికి నడిచినవాడు.

ఆయన కూతురు లలిత. బారిస్టరు ప్యారేలాల్ రాయ్‌ను పెళ్లాడింది. ఆరుగురు పిల్లలు. ఇంద్రలాల్ 1898 డిసెంబర్ 2న కలకత్తాలో పుట్టాడు. ఇంట్లో ముద్దుపేరు ‘లాడీ’. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే లలిత పిల్లలను తీసుకుని లండన్‌లో కాపురం పెట్టింది. పిల్లల చదువులు చూసుకుంటూ ఊరుకోలేదు. 1911 జూన్ 17న స్త్రీలకు ఓటుహక్కు కోసం లండన్ వీధుల్లో పెద్ద ఊరేగింపు జరిగింది. అందులో భారతీయ స్త్రీల బృందాన్ని సమకూర్చినవాళ్లలో ఆమె ఉంది. పెద్ద కూతురు లీలావతి కూడా నడిచింది. చీరల్లో ఉన్న ఆ ఆడవాళ్ల ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. అప్పటికి లాడీకి పన్నెండేళ్లు, ఇంకా స్కూలు పిల్లాడు. ఓటు కావాలని రోడ్డెక్కిన తల్లినీ అక్కనూ చూస్తూ పెరిగిన పిల్లాడికి, ‘నీకు కుదరదు’ అనే మాట చివరి మాటగా వినబడదు కదా.

ఇంద్రలాల్‌కు కూడా ఆ మాట వినాల్సి వచ్చింది. హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో చదువుకున్నాడు. వైమానిక దళానికి దరఖాస్తు పెడితే చూపు బాగాలేదని తిప్పి పంపారు. మోటారుసైకిలు అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకుని, ఆ నిర్ణయాన్ని మార్పించాడని చెబుతారు. 1917 జులైలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. భారత సైన్యంలో భారతీయులకు కింగ్స్ కమిషన్, అంటే బ్రిటిష్ అధికారులతో సమానమైన హోదా, ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది ఆ తర్వాత నెలలో. ఇది గమనించండి.

56వ స్క్వాడ్రన్‌లో చేరిన కొద్ది వారాలకే విమానం కూలి బాగా దెబ్బలు తగిలాయి. ఎగరడానికి పనికిరాడన్నారు. ఆ రోజుల్లో గీసిన విమానాల బొమ్మలు ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉన్నాయి. డాక్టర్ల వెంటపడి మరీ ఒప్పించి, 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌కు వెళ్లాడు. ఆ పదమూడు రోజులు అప్పుడు వచ్చాయి.

తెల్లవాడి యుద్ధంలో మనవాడు ఎందుకు చావాలి అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అదే వేసవిలో మన హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్న బాంబర్లు 110వ స్క్వాడ్రన్‌కు చేరాయి, ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. డబ్బు ఇక్కడిది, ప్రాణం అక్కడ పోయింది. అయినా ఇంద్రలాల్‌ను మోసపోయినవాడని నేను అనలేను. లండన్ అతను పెరిగిన ఊరు. ఆ ఊళ్లో తమ స్థానం తామే తీసుకున్న కుటుంబం వాళ్లది. అన్న పరేశ్‌లాల్ కూడా ఆ యుద్ధానికి వెళ్లాడు, తిరిగి వచ్చాడు.

లలితను తలుచుకుంటే మాత్రం నా మనసు బాధపడుతుంది. బ్రిటన్‌లో ముప్పై దాటిన స్త్రీలకు, షరతులతోనైనా, ఓటు ఇస్తూ చట్టం వచ్చింది 1918 ఫిబ్రవరిలో. కొడుకు పోయింది అదే ఏడాది జులైలో. ఎస్తెవెల్ ఊరి శ్మశానంలో అతని సమాధి మీద ఫ్రెంచిలోనూ బెంగాలీలోనూ రాసి ఉంది: ఇది మహావీరుడి సమాధి, గౌరవించండి, తాకకండి. ఫ్రాన్స్‌లో ఓ చిన్న ఊళ్లో బెంగాలీ అక్షరాలు ఎవరి కోసం రాయించినట్టు? ఇంటివాళ్ల కోసమే అనుకుంటాను.

పరేశ్‌లాల్ కలకత్తా తిరిగొచ్చి బాక్సింగ్‌కు ప్రాణం పోశాడు. భారత బాక్సింగ్ పితామహుడని ఆయనకు పేరు. మన వైమానిక దళానికి 1954లో తొలి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీకి ఇంద్రలాల్ మామ వరస అని చెబుతారు.

1998లో ఇంద్రలాల్ మీద తపాలా బిళ్ల తెచ్చారు. లలితా రాయ్ పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు. 1911 ఊరేగింపు ఫొటో ప్రింటు తీయించి ఆ బల్ల మీద పెట్టాను. ముందు అది చూడండి, తర్వాత ప్రశ్నలు అడగండి, ఓపిగ్గా చెప్తాను.