మన స్థలంలో మన కారు, మనకే పార్కింగ్ నోటీసు

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు కాబట్టి ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను లాయర్‌ని కాను. మా బ్లాకులో రెసిడెంట్స్ తరఫున ఇలాంటి ఉత్తరాలు చాలా చదివాను, చాలా రాశాను. ఇవాళ చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్‌లో చట్టం వేరు.

విషయం మీకందరికీ తెలిసిందే. రెడింగ్‌లోనో స్లౌలోనో ఫ్లాట్ కొంటాం. దానితోపాటు నంబరు వేసిన పార్కింగ్ స్థలం కూడా వస్తుంది. నాలుగేళ్ళు హాయిగా గడుస్తాయి. ఒకరోజు బిల్డింగు బాగోగులు చూసే మేనేజింగ్ ఏజెంట్ నుంచి ఉత్తరం వస్తుంది: బయటివాళ్ళు మన పార్కింగ్ స్థలాల్లో కార్లు పెడుతున్నారు, మీ మేలు కోసమే ఒక పార్కింగ్ కంపెనీని పెట్టాం, పర్మిట్ అద్దానికి పెట్టుకోండి అని. గోడకి బోర్డులు వెలుస్తాయి. ఎండాకాలంలో ఆ పర్మిట్ జిగురు ఊడి డాష్‌బోర్డు మీంచి సీటు కిందికి జారిపోతుంది. సాయంత్రం వచ్చి చూస్తే వైపర్ కింద కవరు. వంద పౌండ్లు, 14 రోజుల్లో కడితే అరవై. బయటివాళ్ళని ఆపడానికి వచ్చినవాళ్ళు లోపలివాళ్ళ మీద పడటం అంటే ఇదే.

అప్పుడు మనవాళ్ళు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. వీసా ఉంది, ఎందుకొచ్చిన టెన్షన్ అని అరవై కట్టేస్తారు. లేదా, ప్రైవేటు వాళ్ళు ఏం పీకుతారులే అని ఎవరో చెబితే చెత్తబుట్టలో పడేస్తారు. ఆ రెండో సలహా 2012లో చట్టం మారకముందుది. ఇప్పుడు పనికిరాదు.

మొదట ఆ కాగితం ఎవరు పంపారో చూడండి. కౌన్సిల్ పంపితే దారి వేరు, దాని గురించి ఇవాళ మాట్లాడను. కంపెనీ పంపితే అది ఫైన్ కాదు, నేరం అంతకన్నా కాదు. ఒప్పందం ప్రకారం మీరు మాకు బాకీ పడ్డారు అని ఒక ప్రైవేటు కంపెనీ రాసిన ఉత్తరం. అందువల్ల అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏ ఒప్పందం?

వాళ్ళ జవాబు గోడ మీద ఉంది. బోర్డు ఒక ఆఫర్, ఇక్కడ బండి పెట్టావంటే ఆ షరతులకి ఒప్పుకున్నట్టే అంటారు. సూపర్‌మార్కెట్‌లో ఈ వాదన నిలుస్తుంది. చెమ్స్‌ఫర్డ్ రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం ఉన్నచోట 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు 85 పౌండ్లు అడిగితే, అది సబబే అని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే బీవిస్ కేసు. పార్కింగ్ కంపెనీలు ప్రతి ఉత్తరంలోనూ దాన్నే చూపిస్తాయి. కానీ ఆ స్థలంలో బండి పెట్టే హక్కు ఆ మనిషికి అంతకుముందు లేదు. బోర్డు ఇచ్చిన అనుమతితోనే పెట్టాడు. మీ విషయం అలా కాదు. మీకు హక్కు ఇచ్చింది లీజు, అంటే ఫ్లాటు కొన్నప్పుడు చేతికొచ్చిన దీర్ఘకాల ఒప్పందం. ఉన్న హక్కునే కొత్తగా ఇస్తాం, బదులుగా మా షరతులు ఒప్పుకో అంటే అక్కడ ఒప్పందమే పుట్టదు. మేనేజింగ్ ఏజెంట్ చేసింది అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన బాపతు. తనది కాని హక్కు మీద ఇంకో కంపెనీకి అధికారం రాసిచ్చాడు.

అందుకని అన్నిటికన్నా ముందు లీజు తీయండి. ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్ పంపిన పీడీఎఫ్‌ల్లో ఉంటుంది. దొరక్కపోతే ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి ఫీజు కట్టి కాపీ తెచ్చుకోవచ్చు. మొదటి పేజీలు చదివి విసుగొచ్చి మూసేయకండి, అసలు సరుకు వెనక షెడ్యూళ్ళలో ఉంటుంది. మూడు చోట్ల చూడాలి. ఒకటి, మీకు అమ్మిన ఆస్తి వివరం. అందులో ఫ్లాటుతోపాటు పార్కింగ్ స్థలం కూడా ఉందా, ప్లాన్‌లో దాని చుట్టూ రంగు గీత గీశారా? ఉంటే మీ బలం ఎక్కువ, ఆ నేల కూడా మీ లీజులో భాగమే. రెండు, మీకిచ్చిన హక్కుల షెడ్యూలు. ఫలానా నంబరు స్థలంలో ఒక ప్రైవేటు వాహనం నిలుపుకునే ప్రత్యేక హక్కు అని ఉండొచ్చు. పర్మిట్ పెట్టాలి, లేకపోతే డబ్బు కట్టాలి అని అందులో ఎక్కడైనా ఉందా? పాత లీజుల్లో చాలావాటిలో ఉండదు. మూడు, నిబంధనల క్లాజు. చాలామంది దీన్ని చూడకుండానే ధైర్యంగా కోర్టు దాకా వెళ్తారు.

ఎప్పటికప్పుడు యాజమాన్యం పెట్టే సమంజసమైన నియమాలు పాటిస్తాను అన్న వాక్యం మీ లీజులో ఉంటే, అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారు. పర్మిట్ పెట్టమనడం సమంజసమే కదా అంటారు. దానికి జవాబు ఉంది. నియమం పెట్టడం వేరు, దాన్ని మీరితే మూడో మనిషికి వంద పౌండ్లు కట్టాలనడం వేరు. కానీ ఈ జవాబుని ప్రతి జడ్జీ ఒప్పుకోవాలని లేదు. చిన్న క్లెయిముల కోర్టులో ఒక జిల్లా జడ్జీ తీర్పు ఇంకో జడ్జీని కట్టిపడేయదు. ఇక పార్కింగ్ అసలు లీజులోనే లేకుండా, విడిగా ఏడాదికోసారి ఇచ్చే లైసెన్సు కాగితంతో వచ్చినదైతే, నిజం చెప్పాలంటే మీ కేసు బలహీనం. అక్కడ పౌరుషానికి పోకుండా అపీలు చేసుకుని చూడటం మేలు.

లీజు బలంగా ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన కేసు ఒకటుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో వచ్చిన జోప్సన్, హోమ్‌గార్డ్ సర్వీసెస్ కేసు. జోప్సన్ అనే లీజుదారు తన బ్లాకు గుమ్మం ముందు కారు ఆపి సామాను లోపలికి మోసుకెళ్ళింది. కొద్ది నిమిషాల పని. తిరిగొచ్చేసరికి టికెట్. కింది కోర్టులో ఓడిపోయి అపీలు చేసింది. సర్క్యూట్ జడ్జీ రెండు సంగతులు తేల్చారు. సామాను దించడానికి కాసేపు ఆగడం పార్కింగ్ కిందికి రాదు. రెండోది మనకి ఇంకా ముఖ్యం: లీజు ఇచ్చిన దారి హక్కుని యాజమాన్యం తనంతట తాను బోర్డు పెట్టి తగ్గించలేదు. ఈ తీర్పు కింది జడ్జీలు తప్పక పాటించాల్సినది కాదు, కానీ దానికి గౌరవం ఉంది.

లీజు మార్చాలంటే పద్ధతి ఉంది. అందరూ ఒప్పుకుని మార్చుకోవచ్చు. లేదా 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 37వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. తొమ్మిది లీజులు, అంతకన్నా ఎక్కువ ఉంటే కనీసం 75 శాతం మంది ఒప్పుకోవాలి, 10 శాతానికి మించి ఎదురు చెప్పకూడదు. మీ బ్లాకులో ఇది జరిగిందా అని ఏజెంట్‌ని అడగండి. సాధారణంగా జవాబు రాదు.

ఇక ఉత్తరాల సంగతి. మొదటి ఉత్తరం పార్కింగ్ కంపెనీకి కాదు, మేనేజింగ్ ఏజెంట్‌కి, ఫ్రీహోల్డర్‌కి, అంటే బిల్డింగు, నేల అసలు యజమానికి. లీజులో ఫలానా క్లాజు నాకు ఈ హక్కు ఇచ్చింది, దాన్ని అడ్డుకునే అధికారం మీకు ఏ క్లాజు ఇచ్చిందో చూపించండి, లేదంటే ఈ నోటీసు రద్దు చేయించండి. నాలుగు వాక్యాలు చాలు. ఏడుపులు, తిట్లు వద్దు. నేను చూసినంతలో ఇక్కడే తేలిపోయిన కేసులు తక్కువేమీ కావు.

పార్కింగ్ కంపెనీకి రాసేటప్పుడు బండి కీపర్‌గా, అంటే బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో ఆ మనిషిగా రాయండి. నేను పెట్టాను, నేను మర్చిపోయాను అని రాయకండి. డ్రైవర్ ఎవరో తెలియనప్పుడు కీపర్ మీద డబ్బు వసూలు చేయాలంటే 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూలులోని షరతులన్నీ వాళ్ళు పాటించాలి. అద్దం మీద ఏమీ అంటించకుండా కెమెరాతో పట్టుకుంటే నోటీసు 14 రోజుల్లో మీ ఇంటికి చేరాలి. టికెట్ అంటిస్తే, 28 రోజులు గడిచాక, 56 రోజుల లోపల రావాలి. తేదీలు లెక్కపెట్టండి. వాళ్ళు మీ అడ్రసు సంపాదించేది బళ్ళు, లైసెన్సుల రికార్డులుంచే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ నుంచి, ఒక్కో బండికి రెండున్నర పౌండ్లు కట్టి.

కంపెనీ మన మాట తిరస్కరిస్తే, అది ఏ సంఘంలో సభ్యురాలో దాన్నిబట్టి పాప్లాకో ఐఏఎస్‌కో వెళ్ళొచ్చు. ఇవి రెండూ పార్కింగ్ నోటీసుల మీద అపీళ్ళు వినే సంస్థలు. పాప్లాలో గెలిస్తే కంపెనీ ఒప్పుకోవాల్సిందే, ఓడినా మీరు కట్టి తీరాలని లేదు. తరవాత వసూలు ఏజెన్సీల ఉత్తరాలు మొదలవుతాయి. ఎర్ర అక్షరాలు, మీద ఇంకో డెబ్బై పౌండ్లు. ఆ డెబ్బై కీపర్ నుంచి రాబట్టడానికి ఇందాకటి 2012 చట్టం షెడ్యూలు ఒప్పుకోదు. వీళ్ళు ఇంటికొచ్చి సామాను పట్టుకుపోయే బెయిలిఫ్‌లు కారు, ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ముక్క చెప్పి ఉంచండి.

కానీ కోర్టుకెళ్ళే ముందు పంపే లెటర్ బిఫోర్ క్లెయిమ్ వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. నార్తాంప్టన్ నుంచి కోర్టు క్లెయిమ్ ఫారం వస్తే ఆ రోజే కూర్చోవాలి. అందిన 14 రోజుల్లో అందిందని ఒప్పుకుంటే, డిఫెన్స్ వేయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. వంద పౌండ్ల నోటీసు అక్కడికి వచ్చేసరికి ఫీజులన్నీ కలిసి రెండొందల యాభై దాటుతుంది. ఓడినా ఒక నెలలోపు కట్టేస్తే సీసీజే, అంటే మీ మీద వచ్చిన కౌంటీ కోర్టు తీర్పుని, రిజిస్టర్‌లోంచి తీసేస్తారు. కట్టకపోతే ఆరేళ్ళు ఉంటుంది, మార్ట్‌గేజ్ అడిగినప్పుడు కళ్ళెదురుగా నిలబడుతుంది.

మనవాళ్ళకి తగిలే పెద్ద దెబ్బ ఇల్లు మారినప్పుడే. బండి రిజిస్ట్రేషన్ కాగితం, అదే లాగ్‌బుక్‌లో అడ్రసు మార్చరు. క్లెయిమ్ పాత ఇంటికి వెళ్తుంది, జవాబు లేదని కోర్టు తీర్పు ఇచ్చేస్తుంది. దాన్ని రద్దు చేయించుకోవడానికి అర్జీ ఫీజే మూడొందలు దాటుతుంది, అదీ గెలుస్తామన్న నమ్మకం లేకుండా. కారు లాగ్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు రెండూ విడివిడిగా మార్చాలి. ఒకటి మారిస్తే రెండోది దానంతట అదే మారదు.

అద్దెకున్నవాళ్ళు అడుగుతారని తెలుసు. మీ ఓనరుకి ఉన్న హక్కే మీకు వస్తుంది, కాబట్టి ఓనరు లీజు కాపీ అడగండి. మీ టెనెన్సీ అగ్రిమెంటులో పార్కింగ్ స్థలం నంబరు రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చిన స్థలమైతే ఈ వాదన చాలా కష్టం.

ఇక ప్రశ్నలు అడగండి. నోటీసులు తెచ్చినవాళ్ళు పేరు, అడ్రసు, కారు నంబరు చేత్తో కప్పి చూపించండి, నాకు కావాల్సింది తేదీలే.