కిడ్నీ సరే, కంట్లోకి ఎవరైనా చూశారా?

అందరికీ నమస్కారమండి. కిడ్నీ మార్పిడి అయి ఇక్కడున్న మనలో చాలామందికి పోయిన నెల క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో నోటికొచ్చు. కంట్లో ప్రెషర్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారంటే మాత్రం పక్కవాళ్ళ మొహం చూస్తారు. నేనూ అంతే.

మార్పిడి అయిన నాలుగో ఏడు, మెడికల్ షాపు బయట మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి మాత్రల అట్ట మీద ఎక్స్‌పైరీ తేదీ చదవబోతే అంకెలు పాలల్లో ముంచినట్టు కనబడ్డాయి, అదే అట్ట ఇంటికొచ్చి నీడలో చూస్తే కాస్త నయం. వయసొచ్చిందిలే అని కళ్ళజోడు మార్చాను. ఆర్నెల్లకి మళ్ళీ మార్చాను. రాత్రి బండి మీద వస్తుంటే ఎదురు లైట్లు ఇంతింత పువ్వుల్లా విచ్చుకునేవి. తీరా చూస్తే శుక్లం, అదీ కంటి కటకం వెనక వైపు, సరిగ్గా నడిమధ్యన. ఎండలో కంటిపాప చిన్నదవుతుంది కదా, వెలుతురంతా ఆ మచ్చలోంచే పోవాలి, అందుకే పట్టపగలు ఎక్కువ ఇబ్బంది. స్టెరాయిడ్ వాడేవాళ్ళకి ఎక్కువగా వచ్చే రకం ఇదే, వయసుతో పని లేదు.

అలాగని వైసలోన్, అంటే మనం వేసుకునే ఆ స్టెరాయిడ్ మాత్ర, మీ అంతట మీరు ఆపకండి, కిడ్నీకే ఎసరు. శుక్లానికి ఆపరేషన్ ఉంది, చూపు తిరిగొస్తుంది. నాకు భయమేసేది గ్లకోమా అంటేనే. అదే స్టెరాయిడ్ కంట్లో ప్రెషర్ పెంచుతుంది, చాలామందికి నొప్పుండదు, ఎర్రబడదు, నరం దెబ్బతిని పోయిన చూపు మళ్ళీ రాదు. స్టెరాయిడ్‌కి టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా ఇచ్చే మందు) తోడైతే లేని షుగరు కొత్తగా రావచ్చు, అది కంటి వెనకుండే రెటీనా పొర మీద పడొచ్చు. అందుకే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని ఏడాదికోసారైనా లోపల చూపించుకోండి (ఆ పూట బండి మాత్రం ఇంకెవరినైనా నడపమనండి).

కొన్నిటికి ఏడాది దాకా ఆగకూడదు. కళ్ళ ముందు ఉన్నట్టుండి నల్ల నలుసులు తేలినా, చూపులో ఒక పక్క తెర పడినట్టున్నా అదే రోజు వెళ్ళండి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనలాంటి వాళ్ళకి సీఎంవీ అనే వైరస్ రెటీనాని తినేయొచ్చు. నుదుటి మీద ఒక పక్కనే మంటతో పొక్కులొచ్చి ముక్కు కొస దాకా దిగాయంటే అది హెర్పిస్ జోస్టర్ (సర్పి) కావచ్చు, కంటికీ పాకొచ్చు.

ఇంకో మాట. శుక్లం ఆపరేషన్ అయ్యాక నాకిచ్చిన కవర్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలున్నాయి. మింగబోతూ ఎందుకో అనుమానమొచ్చి మా కిడ్నీ డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ‘ముందు అది అవతల పారెయ్యండి’ అన్నారు. కంటి ప్రెషర్ తగ్గడానికి ఇచ్చే డయామాక్స్ మాత్ర కూడా కిడ్నీని బట్టే ఇవ్వాలట. పాపం కంటి డాక్టరుకి ఏం తెలుసు, ఫారంలో ‘ఇతర జబ్బులు’ అన్నచోట బీపీ అని రాసి వదిలేసింది నేనే.