చల్లబడిన మేకపిల్లకు ముందు పాలా, వేడా?

నమస్కారం. మేకలు ఈనే రోజులు మొదలైతే చాలు, "పిల్ల నీరసంగా పుట్టింది, వెంటనే పాలు తాగించాం, అయినా దక్కలేదు" అన్న మాట మళ్ళీ మళ్ళీ వినవలసి వస్తుంది. చాలా సందర్భాలలో ఆ తొందరే ముప్పు తెచ్చి ఉండవచ్చని చెప్పడానికి మనసొప్పదు గాని, చెప్పక తప్పదు.

తడి ఒంటితో పుట్టిన పిల్ల తన శరీరంలోని గోధుమ రంగు కొవ్వును ఖర్చు చేసుకుంటూ కొన్ని గంటలపాటు వేడిని నిలుపుకొంటుంది. ఈ కొవ్వును పొయ్యిలోని చితుకులనుకుంటే, ముర్రుపాలు కట్టెలు. చితుకులు మండుతుండగానే కట్టెలు అందాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకు, కవలల్లో చిన్నదానికి అసలు చితుకులే తక్కువ.

[తెరపై: థర్మామీటర్]

ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒంటి వేడి సుమారు 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది 37 కంటే తగ్గి, నోట్లో వేలు పెడితే చల్లగా తగులుతూ, పిల్ల చప్పరించకపోతే, పొయ్యి ఆరిపోయిందని అర్థం. ఆరిన పొయ్యిలో కట్టెలు కుక్కితే మంట పుట్టదు. పేగులు మందగించడంతో పాలు అరగవు, మింగే శక్తి లేకపోవడంతో అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పుట్టి అయిదు గంటలు దాటని పిల్లను తుడిచి ఆరబెట్టి, వెచ్చచేసి, తల నిలిపాక ముర్రుపాలు పట్టవచ్చు. అంతకంటే పెద్దదైతే చితుకులు కూడా అయిపోయి ఉంటాయి కనుక, ఉత్త వేడి పెడితే మిగిలిన కాస్త చక్కెర కూడా ఖర్చై మూర్ఛ రావచ్చు. అందుకే పశువైద్యుడు ముందుగా కడుపు కుహరంలోకి గ్లూకోజు ఎక్కిస్తారు. ఈ తేడా చెప్పకుండా "వెచ్చగా ఉంచండి" అని ఊరుకునే సలహాలంటే నాకు చిరాకు.

ముర్రుపాలు శరీర బరువులో పదోవంతు, అంటే 2 కిలోల పిల్లకు 200 మిల్లీలీటర్లు, మొదటి రోజులోనే అందాలి. రోగనిరోధక పదార్థాలు మాయ ద్వారా పిల్లకు చేరవు, వాటిని పీల్చుకునే శక్తి పేగులకు 24 గంటల్లో దాదాపు పోతుంది.

సమయం మించుతోంది కనుక మిగతావి క్లుప్తంగా చెబుతాను. బొడ్డుకు అయోడిన్ అద్దాలి. మందలో ఒకటికి మించి మేకలు ఈసుకుపోయినా (గర్భస్రావమైనా), బలహీనమైన పిల్లలు వరుసగా పుట్టినా అంటురోగాన్ని అనుమానించి, మాయను ఉత్త చేతులతో తాకకుండా పరీక్ష చేయించాలి. గర్భిణీ స్త్రీలు ఆ దరిదాపులకు రాకూడదు. పిల్లను పోగొట్టుకున్న తల్లికి, మరో మేక కవలల్లో ఒకదానిని ఆ తల్లి ఉమ్మనీటితోనే తడిపి అలవాటు చేయవచ్చు గాని, అంటురోగం అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఆ ప్రయత్నం చేయకూడదు.