కుట్టుగీతలో చిన్న వంకర

శ్రోతలకు నమస్కారం.

నేను కంటి ఆసుపత్రిలో స్కాన్ తీసే పనిలో ఉన్నాను. "గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు పట్టీకి తగిలించండి, లోపల కనిపించే గుర్తునే చూడండి, రెప్ప వేయకండి" అని రోజుకు ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆ స్కాన్‌లో ఏం వెతుకుతామో ఇవాళ చెబుతాను.

ఆమధ్య మిషను కుట్టే ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. కంటి వెనక తెరకు, అంటే రెటీనాకు, సరిగ్గా నడిమధ్యన చిల్లు పడింది. మాక్యులార్ హోల్ అంటారు. ఎదుటివాళ్ళ చెవులు, జుట్టు కనబడతాయి. ముక్కు ఉండాల్సిన చోట మసక మచ్చ ఉంటుంది. డాక్టర్లు కంటి లోపలి జిగురు తీసేసి, తెర మీది పల్చటి పొర ఒలిచి, గ్యాస్ నింపారు. గ్యాస్ బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. అది వెనకున్న చిల్లును అదిమి పట్టాలంటే మనిషి తల వంచుకునే ఉండాలి. అన్నం తిన్నా, పడుకున్నా ఆవిడ కొన్నాళ్ళు నేలచూపులతోనే గడిపింది. తరవాత గ్యాస్ కరుగుతుంటే దాని అంచు మేస్త్రీ రసమట్టంలో బుడగలా ఊగుతూ రోజురోజుకూ కిందికి దిగిందట.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. గ్యాస్ పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. ఎత్తుకు పోయినకొద్దీ గ్యాస్ ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, చూపే పోవచ్చు. తిరుమల మొక్కు ఉన్నా సరే, డాక్టరును అడిగాకే కొండెక్కండి.

చిల్లు మూసుకుంది. ఇంట్లో అందరికీ సంబరం. ఆవిడ మాత్రం "కుట్టుగీత మధ్యలో ఒక్కచోట వంకర పోతోంది బాబూ" అంది. పక్కనున్న కొడుకు "ఆపరేషన్ బాగా అయిందన్నారు కదమ్మా, అంతా నీ అనుమానం" అన్నాడు.

అనుమానం కాదు. స్కాన్ తెర మీదే చూపించాను.

దీన్ని ఓసీటీ స్కాన్ అంటారు. 1991లో అమెరికాలోని ఎమ్ఐటీ పరిశోధకులు, వాళ్ళతో పనిచేసిన డాక్టర్లు దీన్ని లోకానికి చూపించారు. ఎక్స్‌రే కాదు, సూది లేదు, కంటికి కనిపించీ కనిపించని ఎర్రటి వెలుగు అంతే. పావు మిల్లీమీటరు మందముండే తెరను అడ్డంగా కోసి చూసినట్టు పొరపొరా చూపిస్తుంది. అడుగున ఒక తెల్లటి గీత కనిపిస్తుంది. వెలుగును పట్టే కణాల ఆరోగ్యం ఆ గీతలో తెలుస్తుంది. ఆవిడ కంట్లో పైపొరలు చక్కగా కలిశాయి. అడుగు గీత మాత్రం నడుమ తెగి ఉంది, చీర అంచులో జరీ పోగు ఒకచోట ఊడినట్టు.

చిల్లు అంటున్నామే గానీ, అక్కడి కణాలు చాలావరకు ఎక్కడికీ పోవు. గుడ్డలో సూది దిగితే పోగులు తప్పుకున్నట్టు పక్కలకు జరుగుతాయి. చిల్లు మూసుకున్నాక తిరిగి మధ్యకు చేరతాయి. ప్రతి కణమూ అచ్చంగా తన పాత చోటికే రావాలని లేదు కదా! ఆ తేడాయే ఆవిడకు కుట్టుగీతలో వంకరగా కనిపించింది.

ఆ కణాలను ఒక్కొక్కటిగా చూడగలమా? చాలాకాలం బతికున్న మనిషి కంట్లో అది కుదరలేదు. తెర నడిబొడ్డున చదరపు మిల్లీమీటరుకు దాదాపు 2 లక్షల శంకు కణాలు, అంటే వెలుగును పట్టే శంకు ఆకారపు కణాలు, కిక్కిరిసి ఉంటాయి. పైగా మన కంటి నల్లగుడ్డు, లోపలి కటకం ఎంత బాగున్నా వెలుగును కొంచెం చెదరగొడతాయి. కదిలే నీళ్ళలోంచి బావి అడుగున పడ్డ నాణాన్ని చూసినట్టుంటుంది. దీనికి దారి ఖగోళ శాస్త్రం నుంచి వచ్చింది. గాలి వల్ల నక్షత్రం బొమ్మ చెదురుతుంటే, ఆ చెదురుపాటును కొలిచి అద్దాన్నే దానికి తగ్గట్టు వంచుదామని హోరేస్ బాబ్‌కాక్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త 1953లో ప్రతిపాదించాడు. 1997లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ విలియమ్స్ బృందం అలా వంగే అద్దంతో మనిషి కంట్లోని శంకు కణాలను విడివిడిగా ఫోటో తీసింది. మన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదు వచ్చి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి స్థాపించక ముందు పనిచేసింది ఆ విశ్వవిద్యాలయంలోనే. అడాప్టివ్ ఆప్టిక్స్ అనే ఈ కెమెరాలు ఇప్పటికీ ఎక్కువగా పరిశోధన కేంద్రాల్లోనే ఉన్నాయి.

ఆ ఫోటోలో కణాలు సజ్జకంకి మీద గింజల్లా మెరుస్తూ ఒత్తుగా కనిపిస్తాయి. ఆపరేషన్ అయిన కళ్ళలో అక్కడక్కడా నల్లటి జాగాలుంటాయి. మొదటిసారి చూస్తే గుండె జారుతుంది, కణాలు చచ్చిపోయాయేమోనని. అన్నిసార్లూ అలా కాదు. ప్రతి కణం కొసనా అప్పడాల దొంతరలా సన్నటి బిళ్ళలు పేర్చి ఉంటాయి. పాతవి కొసన రాలుతుంటే కొత్తవి అడుగున పుడుతుంటాయి. ఆ దొంతర పొట్టిదైనా, పక్కకు ఒరిగినా కణం వెలుగును మన కెమెరాకు తిప్పి పంపదు. బతికి ఉండి కూడా నల్లగా కనబడుతుంది. దొంతర మళ్ళీ పెరిగితే నెలల తరవాత అక్కడే చుక్క మెరవవచ్చు. కొన్ని మాత్రం నిజంగానే పోతాయి, అవి తిరిగి రావు. ఏది ఏదో ఒక్క ఫోటోతో తేలదు, అదే చోటును మళ్ళీ మళ్ళీ చూడాల్సిందే. అందుకే పాత స్కాన్ కాగితాలు పారేయకండి, వచ్చిన ప్రతిసారీ తెచ్చుకోండి. ఆపరేషన్ అయినవాళ్ళు గీత వంకరగా ఉందంటే దయచేసి కొట్టిపారేయకండి.

ఆవిడ ఆరు నెలలకు మళ్ళీ వచ్చింది. గడ్డం ఆనించింది, రెప్ప వేయలేదు. తెల్లగీతలో తెగిన జాగా సగానికి తగ్గింది. వంకర ఇంకా ఉందట, కాకపోతే తెల్లగుడ్డ మీద నల్లదారం వేసినప్పుడే తెలుస్తోందట. కొడుకు రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టించి ఫోనులో ఫోటో తీసుకున్నాడు.