ఏటికి ఊపిరి మిగలాలంటే

అందరికీ నమస్కారం.

మురుగునీటి శుద్ధి కేంద్రం అనగానే చాలామంది ముక్కు మూసుకుంటారు. అక్కడ జరిగేది కంపు వదిలించే పని అనుకుంటారు. నన్నడిగితే, అది ఏటిలో ఆక్సిజన్‌ని కాపాడే పని.

నీటిలో కరిగే ఆక్సిజన్ చాలా తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు, అంతే. నీరు వేడెక్కే కొద్దీ అదీ తగ్గుతుంది. చేపలు, నత్తలు, నీటి పురుగులు అన్నీ ఆ కాస్తతోనే బతకాలి. ఇక మురుగు సంగతి చూడండి. లీటరు మురుగులోని మలినాన్ని బాక్టీరియా తిని అరిగించుకోవడానికి మామూలుగా 200 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కావాలి. దీన్నే బీఓడీ అంటారు. 9 ఎక్కడ, 200 ఎక్కడ! మురుగును నేరుగా వాగులోకి వదిలితే బాక్టీరియా విందు చేసుకుంటుంది, వాగులో ఉన్న ఆక్సిజన్ కాస్తా అయిపోతుంది. తెల్లారేసరికి చేపలు తేలతాయి. ఎవరో విషం కలిపారని అనుకుంటాం కానీ, చాలాసార్లు అవి ఊపిరాడకే చస్తాయి.

శుద్ధి కేంద్రం చేసేదల్లా ఆ విందును ఏటిలో కాకుండా ట్యాంకులో జరిపించడమే. ముందు జల్లెడలు గుడ్డలు, ప్లాస్టిక్ ఆపుతాయి, తర్వాత ఇసుక దిగుతుంది. అసలు కథ గాలి ట్యాంకులో మొదలవుతుంది. బ్లోయర్లు అడుగు నుంచి గాలి కొడుతూనే ఉంటాయి. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక చిన్న మార్పు చేశారు. గాలి పట్టించాక అడుగున పేరుకున్న బురదను పారేయకుండా, దాన్నే మళ్లీ కొత్త మురుగులో కలిపారు. వారాలు పట్టే శుద్ధి గంటల్లోకి వచ్చేసింది. ఆ బురద నిండా ఉన్నది ఆకలితో ఉన్న బాక్టీరియా. నేటికీ ప్రపంచంలో ఎన్నో ఊళ్లలో నడుస్తున్నది ఈ పద్ధతే.

ఎప్పుడైనా ప్లాంటుకి వెళితే ఆపరేటర్‌ని ఒక్కటి చూపించమనండి. గాలి ట్యాంకులోంచి లీటరు నీళ్లు గాజు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచుతారు. మొదట అంతా చిక్కటి గోధుమరంగు. కొద్ది నిమిషాల్లోనే చిన్న చిన్న తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని దిగడం మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ప్లాంటులో అరగంటకి పైన తేట నీరు నిలుస్తుంది. బురద కిందికి దిగకుండా ఉబ్బి నిలిచిందంటే ఆపరేటర్‌కి టెన్షనే. బురద దిగి నీరు తేరుకోవాల్సిన చివరి ట్యాంకులోనూ అదే జరిగి, బురద ఏటిలోకి కొట్టుకుపోతుంది.

బీఓడీ తగ్గితే పని అయిపోదు. అమ్మోనియా మిగిలితే చేపలకు విషం. దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఆక్సిజన్ బాగా తాగుతుంది, రసాయనాలకు ఇట్టే దెబ్బతింటుంది. ఎవరో కాలువలోకి వదిలిన ఒక డ్రమ్ము ద్రావకం వల్ల అది పోతే, తిరిగి కోలుకోవడానికి వారాలు పట్టొచ్చు. భాస్వరం మిగిలితే దిగువ చెరువులో నాచు పేరుకుంటుంది.

చిన్న ఊరు కదా, ఇంత అవసరమా అంటారు. చిన్న ఊరికే ఎక్కువ అవసరం. బ్రిటన్‌లో 1912లో రాయల్ కమిషన్ సూచించిన ప్రమాణం ప్రకారం, శుద్ధి చేసిన నీటిలో లీటరుకు బీఓడీ 20, తేలే మలినం 30 మిల్లీగ్రాములు మించకూడదు. అదీ, వదిలిన నీటికి ఎనిమిది రెట్ల మంచినీరు నదిలో ఉంటేనే. చిన్న వాగుకి ఎండాకాలం ఎనిమిది రెట్లెక్కడివి? కొన్నిచోట్ల ప్లాంటు వదిలిన నీరే వాగు.

అందుకే ఊరి బడ్జెట్ చర్చకు వచ్చినప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగండి. కరెంటు పోతే బ్లోయర్లు ఆగకుండా జనరేటర్ ఉందా? ప్లాంటు నీరు కలిసే చోటికి ఎగువన, దిగువన కరిగిన ఆక్సిజన్ ఎంతుందో ఎండాకాలంలో కొలుస్తున్నారా? కొలిస్తే ఆ అంకెలు అందరికీ కనిపించేలా బోర్డు మీద రాయమనండి.