యాడ కాలతా ఉంది? ఫైర్ అలారం పెట్టె కథ

(దృశ్యం: తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి. రాత్రి పదకొండు దాటింది. రిసెప్షన్ వెనక గోడకు ఫైర్ ప్యానెల్. ఎర్ర లైటు వెలుగుతోంది, బజర్ ఆగకుండా మోగుతోంది.)

కొన్నేళ్ల కిందటి మాట. అప్పట్లో నేను ఫైర్ అలారం మెయింటెనెన్స్ పనిలో ఉండేవాడిని. తిరుపతిలో లాడ్జీలు, కళ్యాణ మండపాలు, రెండు ఆస్పత్రులు నా కింద ఉండేవి. ఆ రాత్రి లాడ్జి కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, మోగతా ఉంది. యాడ కాలతా ఉందో తెలీడం లేదన్నా!"

బండేసుకుని పరిగెత్తాను. ప్యానెల్ మీద 'జోన్ 3' అని చూపిస్తోంది. జోన్ 3 అంటే మూడో అంతస్తు అనుకున్నాం ఇద్దరం. పైకి పోయి నిద్రపోతున్నవాళ్ల తలుపులన్నీ బాదాం. ఎక్కడా ఏమీ లేదు. అసలు సంగతేమిటంటే వైరింగ్ చేసినవాళ్లు గ్రౌండ్ ఫ్లోర్‌ను జోన్ 1 అని లెక్కపెట్టారు. అంటే జోన్ 3 రెండో అంతస్తు. ఆ ముక్క ప్యానెల్ పక్కన ఎవరూ రాసి పెట్టలేదు.

రెండో అంతస్తులో ఒక కుటుంబం తెల్లవారుజామున కొండకు పోవాలని ముందే స్నానాలు చేసి, స్వామి పటం ముందు పళ్లెం నిండా కర్పూరం వెలిగించింది. పొగ డిటెక్టర్‌కు తగిలింది. అంతకుమించి ఏమీ కాలేదు. కానీ మేం తప్పు అంతస్తులో పోగొట్టుకున్న ఆ నాలుగైదు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. నిజంగా మంట అయ్యుంటే?

ఈ వీడియో ఆ కుర్రాడు అడిగిన ఒక్క మాట గురించే. యాడ? అలారం కంపెనీలు పుట్టిందీ ఈ ప్రశ్నలోంచే, నూట డెబ్బై ఏళ్లుగా బతుకుతున్నదీ దీనికి జవాబు వెతుక్కుంటూనే.

(దృశ్యం: పాత బోస్టన్ నగరం బొమ్మ. చర్చి గోపురంలో గంట ఊగుతోంది.)

పల్లెలో వామి అంటుకుంటే పొగ నాలుగు పొలాల అవతలికి కనిపిస్తుంది. కేక వేస్తే చాలు, జనం బిందెలతో నేరుగా అక్కడికే వస్తారు. ఇళ్లు ఆనుకుని ఉండే నగరంలో అలా కుదరదు. అమెరికాలోని బోస్టన్‌లో 1850కి ముందు నిప్పు అంటుకుంటే చర్చి గంటలు కొట్టేవాళ్లు. ఊరంతా లేచేది. ఏ వీధికి పరిగెత్తాలో మాత్రం గంట చెప్పేది కాదు.

ఆ ఊళ్లో విలియం చానింగ్ అని వైద్యం చదివిన ఒకాయన ఉండేవాడు. టెలిగ్రాఫ్ అప్పుడప్పుడే వచ్చింది. వార్తలు మోసే తీగ మంట కబురు మాత్రం ఎందుకు మోయకూడదని 1845లోనే పత్రికలో రాశాడు. తీగల పని బాగా తెలిసిన మోసెస్ ఫార్మర్ ఆయనకు తోడయ్యాడు. 1852 ఏప్రిల్ 28న బోస్టన్ వీధుల్లో, మంట కబురు తీగ మీద పంపే వాళ్ల పెట్టెలు పని మొదలుపెట్టాయి.

మరుసటి రోజు రాత్రే మొదటి కబురు వచ్చింది. పెట్టె లోపల చేత్తో తిప్పే పిడి ఉండేది. నిప్పు చూసిన మనిషి కంగారులో దాన్ని గిరగిరా తిప్పేశాడు. అవతల ఆఫీసులో టక టకా చప్పుళ్లు కలిసిపోయి ఏమీ అర్థం కాలేదు. చివరికి ఆయనే ఆఫీసుకు పరిగెత్తి నోటితో చెప్పాల్సి వచ్చింది. నాకు ఆ మనిషి మీద జాలి. మంట చూసినవాడి చెయ్యి నెమ్మదిగా ఎలా తిరుగుతుంది?

(దృశ్యం: ఇనప పెట్టె తలుపు తెరుచుకుంటుంది. లోపల ఇత్తడి చక్రం దగ్గరగా.)

తర్వాతి పెట్టెల్లో ఈ లోపం సరిదిద్దారు. ఈ చక్రాన్ని బాగా చూడండి. అంచున ఐదు పళ్లు, కొంచెం ఖాళీ, మళ్లీ రెండు పళ్లు. ఇది 52వ నంబరు పెట్టె. కొక్కెం ఒక్కసారి కిందికి లాగి వదిలేస్తే చాలు. లోపల గడియారంలో లాంటి స్ప్రింగు తనంతట తనే చక్రాన్ని ఒకే వేగంతో తిప్పుతుంది. ఒక్కో పన్ను కదిలినప్పుడల్లా తీగలో కరెంటు తెగి కలుస్తుంది. అవతల గంట ఐదుసార్లు, ఆగి రెండుసార్లు. ఫైర్ స్టేషన్‌లో వాళ్లు జాబితా చూసి ఆ వీధి మూలకు బయల్దేరతారు. మనిషి వణికినా చక్రం వణకదు. ఒకేసారి రెండు పెట్టెలు లాగితే చప్పుళ్లు కలవకుండా, ఒకటి అయ్యేదాకా ఇంకొకటి ఆగే ఏర్పాటు కూడా తర్వాత వచ్చింది.

ఈ పెట్టెను ఊరూరా చేర్చిన మనిషి జాన్ గేమ్‌వెల్. సౌత్ కరోలినాలో కామ్డెన్ అనే చిన్న ఊళ్లో పోస్టుమాస్టర్, టెలిగ్రాఫ్ పని కూడా చూసేవాడు. ముందు దక్షిణ రాష్ట్రాల వరకు ఈ పెట్టె పేటెంట్ హక్కులు కొన్నాడు, 1859కి మొత్తం కొనేశాడు. రెండేళ్లు తిరక్కుండానే అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య అంతర్యుద్ధం వచ్చింది. ఆయనది దక్షిణాది కావడంతో ఉత్తరాది ప్రభుత్వం ఆ పేటెంట్లను స్వాధీనం చేసుకుంది. జాన్ కెన్నార్డ్ అనే ఆయన వాటిని కొని మళ్లీ గేమ్‌వెల్‌ను కలుపుకోబట్టి వ్యాపారం నిలబడింది. 1879లో గేమ్‌వెల్ ఫైర్ అలారం టెలిగ్రాఫ్ కంపెనీ ఏర్పడింది. పిడుగులు పట్టుకున్న పిడికిలి దాని గుర్తు. 1890 నాటికి 500 ఊళ్లలో వాళ్ల పెట్టెలు ఉండేవి.

ఒక తప్పు కూడా చెప్పాలి. ఆకతాయిలు ఊరికే లాగుతారని మొదట్లో పెట్టెలకు తాళాలు వేసి, తాళంచెవి పోలీసుల దగ్గర, నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచేవాళ్లు. 1872 నవంబరు 9 రాత్రి బోస్టన్‌లో పెద్ద మంట లేచింది. కబురు అందడం ఆలస్యం కావడానికి ఆ తాళాలు కూడా ఒక కారణం. ఆ రాత్రి మోగిన పెట్టె నంబరు 52. నేనీ సంగతి చదివినప్పుడు మన లాడ్జీల్లో గొలుసు వేసి బిగించిన మెట్ల తలుపులే కళ్లముందు కదిలాయి.

(దృశ్యం: లాడ్జి గది పైకప్పు. తెల్లటి గుండ్రటి డిటెక్టర్.)

ఇంతవరకూ పెట్టెకు మనిషి కావాలి. మనిషి చూడాలి, పరిగెత్తాలి, లాగాలి. అందరూ నిద్రపోతుంటే?

దీనికి జవాబు స్విట్జర్లాండ్‌లో అనుకోకుండా దొరికింది. 1930ల్లో వాల్టర్ యేగర్ అనే శాస్త్రవేత్త విషవాయువును పట్టే పరికరం కోసం తంటాలు పడుతున్నాడు. గాలిలో సన్నటి కరెంటు పారించి, విషవాయువు వస్తే అది తగ్గుతుందేమోనని చూశాడు. తగ్గలేదు. విసుగొచ్చి సిగరెట్ ముట్టించాడు. మీటరు ముల్లు కదిలింది! సిగరెట్ పొగ రేణువులు ఆ కరెంటుకు అడ్డుపడ్డాయి. ఎర్న్‌స్ట్ మైలీ అనే ఆయనతో కలిసి 1941లో బాడ్ రాగట్స్‌లో పెట్టిన కంపెనీ పేరు సెర్బెరస్. గ్రీకు కథల్లో యమలోకం వాకిట కాపలా కాసే మూడు తలల కుక్క అది. మన యముడికీ రెండు కుక్కలున్నాయని వేదం చెబుతుంది కాబట్టి ఆ పేరు మనకు కొత్త కాదు. 1998లో సెర్బెరస్ జర్మనీ కంపెనీ సీమెన్స్ చేతికి వెళ్లింది.

అమెరికాలో డ్యూయేన్ పియర్సాల్ స్టాటిట్రాల్ అనే కంపెనీలో ఈ పొగ డిటెక్టర్‌ను బ్యాటరీతో నడిచే చవక పరికరంగా చేసి మామూలు ఇళ్లలోకి తెచ్చాడు.

ఇప్పుడు మీ లాడ్జి గదిలో ఉండేది చాలావరకు ఇంకో రకం. పొద్దున కిటికీలోంచి పడే ఎండలోకి సాంబ్రాణి పొగ వస్తే ఆ కిరణం తెల్లగా కనిపిస్తుంది కదా. అదే సూత్రం. డిటెక్టర్ చీకటి గూట్లో ఒక చిన్న లైటు, దానికి ఎదురుగా కాకుండా వాలుగా ఒక కన్ను. పొగ దూరితే వెలుగు చెదిరి ఆ కంట్లో పడుతుంది. అందుకే, ఓనర్లకు చేతులు జోడించి చెబుతున్నా, పెయింటింగ్ అప్పుడు దుమ్ము పడకుండా తొడిగిన ప్లాస్టిక్ మూత తీసేయండి. మూత ఏళ్ల తరబడి అలాగే ఉన్న గదులు నేను ఎన్నో చూశాను. కన్ను మూసేసి కాపలా పెట్టడమే అది.

(దృశ్యం: అరచేతిలో చిన్న ప్లాస్టిక్ కార్డు.)

పొగను పట్టే ముక్కు దొరికింది. మరి చోటు? మా లాడ్జిలో లాంటి పాత ప్యానెల్ జోన్ మాత్రమే చెబుతుంది. ఒక జోన్‌లో పదిహేను గదులుంటే పదిహేనూ వెతకాలి.

1980లో ఇంగ్లండ్‌లో మొదలైన అపోలో కంపెనీ చేసిన ఈ కార్డు నాకు చాలా ఇష్టం. ఏడు చిన్న ముక్కలుంటాయి. ఏవి తుంచి ఏవి ఉంచామన్న దాన్నిబట్టి ఒక నంబరు వస్తుంది. వాళ్ల ఎక్స్‌పీ95 రకంలో ఒక లూపుకు, అంటే ప్యానెల్ నుంచి బయల్దేరి మళ్లీ ప్యానెల్‌కే చేరే తీగకు, 126 దాకా నంబర్లు. ప్యానెల్ ఒక్కో నంబరును వరసగా పలకరిస్తూ ఉంటుంది. క్లాసులో టీచరు హాజరు వేసినట్టే, పలకనిదెవరో కూడా తెలిసిపోతుంది. ఇందులో అసలైన తెలివి ఏమిటంటే, కార్డు డిటెక్టర్‌లో కాదు, పైకప్పుకు బిగించిన బేస్‌లో ఉంటుంది. శుభ్రం చేయడానికి డిటెక్టర్లన్నీ విప్పి కలగాపులగంగా బిగించినా గది నంబరు మారదు. చోటు చోటులోనే ఉంటుంది. విప్పి బిగించే పని చేసినవాడికే దాని విలువ తెలుస్తుంది.

బోస్టన్ పెట్టెలో పళ్లు కోసిన ఇత్తడి చక్రం, ఇక్కడ ముక్కలు తుంచిన ప్లాస్టిక్ కార్డు. రెండూ చెప్పేది ఒక్కటే, నేను ఫలానా చోట ఉన్నాను అని. గేమ్‌వెల్ పేరు ఇప్పటికీ హనీవెల్ అనే పెద్ద అమెరికన్ కంపెనీ కింద గేమ్‌వెల్-ఎఫ్‌సీఐగా ఉంది. బోస్టన్ వీధుల్లో ఆ పెట్టెలు ఇంకా పనిచేస్తున్నాయి.

(దృశ్యం: మళ్లీ అదే లాడ్జి, పగలు. ప్యానెల్ కొత్తది. పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన చార్టు.)

ఓనర్ ఈమధ్యే ప్యానెల్ మార్పించాడు. కుర్రాడు ఇప్పుడు మేనేజర్. నేను పైకి పోయి, టెస్టింగ్ స్ప్రే డిటెక్టర్ కింద కొట్టి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. కింద హూటర్ మోగింది.

"యాడప్పా?"

"మూడో అంతస్తన్నా. 312 ముందర, వరండాలో."

నేను నిలబడి ఉన్నది సరిగ్గా అక్కడే.